ఏడో సిస్టమ్‌లోని నీళ్ల లారీ

తమిళనాడు కోవిల్‌పట్టిలోని ఆ ఆడపిల్లల హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబుకు సర్వర్ కావాలని హెడ్‌మిస్ట్రెస్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది బృంద టీచరే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. తర్వాత జరిగినదానికి ఎవరినైనా నాలుగు తిట్టుకుని మనసు తేలిక చేసుకుందామంటే, పాపం, ఆమెకు ఇంకో మనిషి దొరకలేదు.

అప్పటిదాకా ఆ ల్యాబులో ఏ సిస్టమ్ సంసారం దానిదే. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతారేమోనని స్టిక్కరు మీద రాసి మానిటర్ నుదుటినే అంటించేవారు. ఇంటికి తాళమేసి చెవి గుమ్మానికే తగిలించడం లాంటి ఏర్పాటన్నమాట. మొదటిరోజు ఏ సిస్టమ్ ముందు కూర్చుందో, పిల్ల ఏడాదంతా దాని ముందే కూర్చోవాలి. గీసిందీ రాసిందీ అంతా దాని కడుపులోనే ఉంటుంది. అది మొండికేసిన రోజున పక్కవి ఎన్ని ఖాళీగా ఉన్నా ఆ పిల్ల గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవలసిందే. పోనీ పెన్‌డ్రైవులో వేసుకుందామంటే, వైరసులొస్తాయి, పిల్లలెవరూ తేవద్దని బృందే కట్టడి చేసింది. ల్యాబంతటికీ ఒకటే పెన్‌డ్రైవు. అది ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉండేది.

సర్వర్ వస్తే ఈ బాధలన్నీ తీరిపోతాయి. ప్రతి పిల్లకూ సొంత లాగిన్ ఉంటుంది. ఎక్కడ కూర్చుని పేరు కొట్టినా ఎవరి వస్తువులు వాళ్ల ముందుకు వస్తాయి. ఎవరు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో టీచరు ఒక్కచోట కూర్చుని చూసుకోవచ్చు. బృంద ఈ మాటలు ప్రతి స్టాఫ్ మీటింగులోనూ చెప్పి చెప్పి, లెక్కల టీచరు తంగమ్మాళ్ ఆవలింత ఆపుకోవడం కూడా మానేసేదాకా తెచ్చింది. చివరికి పాత విద్యార్థినులెవరో సాయం చేశారు. విరుదునగర్‌లో ఇలాంటి పనులు చేసే సెందిల్‌కుమార్ అనే అతన్ని పిలిపించారు.

ఇక కార్తీశ్వరి సంగతి.

ఆ పిల్లది ఏళాయిరంపన్నై వైపు ఒక కాలనీ. ఊరవతలి దళితవాడను అక్కడ అలాగే అంటారు. పదో తరగతి. వాళ్లమ్మ మారియమ్మాళ్ టపాకాయల కంపెనీలో పని చేస్తుంది. నాన్న సంగతి ఎవరూ అడగరు, ఆ పిల్లా చెప్పదు. పొద్దున బస్సులో నిలబడి వచ్చి సాయంత్రం నిలబడే పోయే పిల్ల. లెక్కలు అంతంతమాత్రం, ఇంగ్లీషంటే దడ. కానీ ఏడో నంబరు సిస్టమ్ ముందు కూర్చోబెడితే వేరే మనిషైపోయేది. బొమ్మలు కదిలించి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి బృంద నేర్పింది. తక్కిన పిల్లలు అందులోని పిల్లి చేత గెంతులేయించి సంబరపడుతుంటే, కార్తీశ్వరి నీళ్ల లారీ తయారుచేసింది.

స్క్రీన్ మీద కాలనీ వీధి. ఓ మూల నుంచి నీళ్ల లారీ వస్తుంది. ఆడేవాళ్లు ఇళ్లలోంచి ప్లాస్టిక్ బిందెలు పరుగున తెచ్చి వరసలో పెట్టాలి. కాస్త ఏమరితే పక్కింటావిడ వచ్చి మన బిందెను కాలితో అవతలికి తోసేస్తుంది. గొట్టం ఎక్కువసేపు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోతాయి, ఒలికిన నీళ్లకు కుక్కపిల్ల వచ్చి బిందెలు దొర్లిస్తుంది. లారీవాడికి విసుగొస్తే మధ్యలోనే వెళ్లిపోతాడు. ఇంటర్వెల్లో పిల్లలు ఆ ఆట కోసం ఏడో సిస్టమ్ దగ్గర తోసుకునేవారు. లారీ రాగానే ఒక గొంతు అరిచేది. అది కార్తీశ్వరి గొంతే, తెలుగులో: "రాండే, నీల్లు వచ్చె, నీల్లు వచ్చె."

ఆ గొంతు విన్నరోజే బృందకు తెలిసింది ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది తెలుగని. ల్యాబులో అప్పుడు ఇద్దరే ఉన్నారు. బృందకు నవ్వాగలేదు.

"ఏమే, మీదీ తెలుగా?" అంది.

"ఆమా టీచరు. మీదీనా?"

"మాదీనే. కడంబూరు పక్కన."

ఆ పిల్ల మొహం చాటంతైంది. స్కూల్లో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. ఇంటి గడప లోపల మాత్రమే బతికే మాట టీచరు నోట వినపడితే ఆ వయసు పిల్లకు అంతకంటే పండగేముంది? అప్పటినుంచి ఎవరూ లేనప్పుడు ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకునేవారు. ఇంట్లో ఏం కూర, నిన్న బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారు, ఇవే మాటలు. బృందకూ బాగానే ఉండేది. ఎవరూ లేనప్పుడు.

బృంద వాళ్లు తెలుగువాళ్లని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు, దాచడానికేమీ లేదు. కడంబూరు పక్క పల్లెలో వాళ్ల నాన్న నల్లసామి నాయుడికి నల్లరేగడి పొలం ఉంది, ఊళ్లో మాట చెల్లుబాటు ఉంది. కానీ తెలుగు మాట్లాడేవాళ్లందరూ ఒకే వీధిలో ఉండరు కదా. పొలం ఉన్నవాళ్లదీ తెలుగే, ఆ పొలంలో కలుపు తీసేవాళ్లదీ తెలుగే. బయటివాళ్లకు ఈ తేడా తెలియకపోవచ్చునన్న భయం బృందకు ఎప్పుడూ లోలోపల ఉండేది. ఆ భయానికి ఆమె పేరు పెట్టలేదు, పేరు పెట్టని వాటితోనే మనిషికి ఎక్కువ తంటా.

విరుదునగర్‌లో ఒక ట్రస్టువాళ్లు ఏటా పల్లెటూరి ఆడపిల్లలకు కంప్యూటర్ ప్రదర్శన పెడతారు. అందులో నచ్చిన పిల్లలకు తమ స్కూల్లో ప్లస్ వన్, ప్లస్ టూ ఉచితంగా చెప్పి, హాస్టల్లో ఉంచుకుంటారు. కార్తీశ్వరి పేరు పంపింది బృందే. పది అయిపోగానే ఆ పిల్లను అగ్గిపెట్టెల పనిలో పెట్టాలని ఇంట్లో అనుకుంటున్నారని కూడా ఆమెకు తెలుసు. ఈ సీటు వస్తే చదువు ఉంటుంది, రాకపోతే ఉండదు. నీళ్ల లారీ చూస్తే ఎవరైనా సీటు ఇస్తారన్నది బృంద నమ్మకం.

సర్వర్ పెట్టే ముందు వారం బృంద పెన్‌డ్రైవు తీసుకుని వరసగా ఒక్కో సిస్టమ్ దగ్గరికీ పోయింది. పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని, ఇది నీదా, ఇది ఉంచాలా అని అడిగి అన్నీ ఎక్కించుకుంది. ఆ వారమే మారియమ్మాళ్‌కు జ్వరం వచ్చి కార్తీశ్వరి స్కూలుకు రాలేదు. పిల్ల వచ్చాక ఏడోది చూద్దాంలే అనుకుని బృంద ఎనిమిదో దానికి వెళ్లింది. ఇక్కడిదాకా జరిగింది ఎవరికైనా జరిగేదే. దీనికి సిగ్గుపడనక్కర్లేదు.

సెందిల్‌కుమార్ వచ్చిన పొద్దున ల్యాబులో సందడిగా ఉంది. హెడ్‌మిస్ట్రెస్ కొత్త సర్వర్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించింది. తంగమ్మాళ్ టీచరు కొబ్బరి ముక్క నములుతూ నిలబడింది. సెందిల్‌కుమార్ వైర్ల దగ్గర చేతులు దులుపుకుని లేచి, తమిళంలో అడిగాడు.

"టీచర్, పాతవి ఏమైనా ఉంచాలా? మొదలుపెట్టానంటే పాత అకౌంట్లన్నీ పోతాయి. డిస్కులు తుడిచి కొత్తగా వేస్తాను. తర్వాత అడిగితే నా చేతుల్లో ఉండదు."

బృంద నోరు తెరవబోతుండగా గుమ్మంలో కార్తీశ్వరి కనపడింది. వారం తర్వాత వచ్చింది. బస్టాండు నుంచి పరుగెత్తినట్టుంది, జడలోని పూలు భుజం మీదికి జారి ఉన్నాయి. ల్యాబులో పని మొదలైపోయిందని చూసి, ఆ కంగారులో ఎవరెవరున్నారో చూసుకోలేదు.

"టీచరు, నా నీల్ల లారీ ఏడో దాంట్లోనే ఉండాది. ఎత్తి పెట్టుకోండి. మరిసిపోతిరేమో అని పరుగెత్తి వస్తిని."

మూడు తలలూ ఒక్కసారి తిరిగాయి. ముందు పిల్లవైపు, తర్వాత బృందవైపు. తంగమ్మాళ్ కొబ్బరి నమలడం ఆపి నవ్వింది.

"ఏం బృందా, ఈ పిల్ల మీవాళ్లా?"

అడగడంలో విషం ఏమీ లేదు. తంగమ్మాళ్ ఎవరినైనా ఏదైనా అడిగేస్తుంది. కానీ బృంద చెవులు భగ్గుమన్నాయి. ఆ పిల్ల నూనె కారే జడ, రంగు వెలిసిన యూనిఫారం, అరిగిన చెప్పులు, వాటి పక్కన తన నోటిమాట, తన అమ్మ మాట. అన్నీ ఒకే వరసలో నిలబెట్టి ఎవరో చూపించినట్టయింది.

"మావాళ్లు కాదు టీచర్. కాలనీ పిల్ల," అంది తమిళంలో. ఆపైన గుమ్మంవైపు తిరిగింది. "స్కూల్లో తమిళంలో మాట్లాడాలని తెలియదా? క్లాసు వదిలేసి ఇక్కడేం పని? పో."

కార్తీశ్వరి వెళ్లిపోయింది.

"ఉంచాల్సినవి ఏమీ లేవు. మొదలుపెట్టండి," అంది బృంద, సెందిల్‌కుమార్‌తో.

కావాలని అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన ఆమె చెవికి తెలుగు వినపడింది గానీ నీళ్ల లారీ వినపడలేదు. మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు ఏదో గుర్తు చేసుకోవలసింది ఉన్నట్టు మనసు గుంజింది. ఏమిటో అంతు పట్టక పెరుగు కలుపుకుంది. అప్పటికి ఏడో సిస్టమ్ తుడిచేయడం అయిపోయింది.

తర్వాతి సోమవారం పిల్లలకు కొత్త లాగిన్లు ఇచ్చారు. ల్యాబంతా కోలాహలం. ఒక్కో పిల్లా పేరు కొట్టగానే పేరుతో సహా స్వాగతం చెబుతూ స్క్రీన్ తెరుచుకుంటోంది. బృంద వాళ్ల పాత పనులు పెన్‌డ్రైవు నుంచి తీసి సర్వర్లో ఎవరివి వాళ్లకు ముందే సర్ది ఉంచింది. కూర్చునే చోటు మారినా తమ బొమ్మలు తమకే రావడం చూసి పిల్లలు సీట్లు మార్చుకుంటూ అదే ఆటగా ఆడుకుంటున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో నిలబడి చూసి, బాగుందన్నట్టు తలాడించి వెళ్లింది.

కార్తీశ్వరి అలవాటుగా ఏడోదాని ముందే కూర్చుంది. పేరు కొట్టింది. స్వాగతం వచ్చింది. లోపల ఏమీ లేదు. బయటికి వచ్చి మళ్లీ కొట్టింది. లేచి ఎనిమిదో దానికి వెళ్లి కొట్టింది. తర్వాత కిటికీ పక్కదానికి. ఎక్కడ కూర్చున్నా వస్తుందని టీచరు చెప్పింది గనక, ఎక్కడో ఒకచోట ఉంటుందని అన్నింటిలోనూ వెతుకుతోంది. బృంద ఆ పిల్ల సీటు నుంచి సీటుకు మారడం చూసింది. అప్పుడు వినపడింది ఆమెకు, గుమ్మంలో అన్న మాట, అక్షరం అక్షరం.

చివరికి కార్తీశ్వరి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "టీచర్, నాది కనపడలేదు," అంది. తమిళంలో.

అందరూ వింటున్నారు. ఒక్క మాట చాలు. నేను మరిచిపోయానే, తప్పు నాది అంటే సరిపోయేది. ఆ మాట నాలుకదాకా వచ్చింది. కానీ సర్వర్ కోసం పోరింది తను. పిల్లల వస్తువు ఒక్కటీ పోదని హెడ్‌మిస్ట్రెస్‌కు మాటిచ్చింది తను. నాలుకదాకా వచ్చిన మాట వెనక్కి పోయి వేరే మాట బయటికొచ్చింది.

"నువ్వు సరిగ్గా సేవ్ చేశావా?"

పిల్లలు కొందరు కిసుక్కుమన్నారు. కార్తీశ్వరి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బృంద తట్టుకునేదేమో. ఆ పిల్ల కళ్లలో లెక్క వేసుకుంటున్న తీరు కనపడింది. టీచరుకు ఏ జవాబు కావాలో వెతుక్కుంటోంది. దొరికాక చెప్పింది.

"చేయలేదేమో టీచర్."

పాపం చేసినవాళ్లను ఇంత సులువుగా వదిలేస్తే వాళ్లకు నిద్ర పట్టదు. బృంద సెందిల్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను మంచివాడు, విరుదునగర్ నుంచి పని మానుకుని మళ్లీ వచ్చాడు. ఏవేవో ప్రోగ్రాములు పెట్టి ఏడోదాని డిస్కంతా గాలించాడు. ఒకటీ అరా ముక్కలు దొరికాయి, తెరిస్తే తెరుచుకోలేదు.

"ఏమీ లేవని మీరే అన్నారు కదా టీచర్," అన్నాడు నొచ్చుకుంటూ.

"అవును, నేనే అన్నాను."

ల్యాబులో అప్పుడు అతను తప్ప ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు నిజం చెప్పడం ఆమెకు కష్టమనిపించలేదు, అదే ఆమెకు ఇంకాస్త సిగ్గనిపించింది.

ప్రదర్శనకు పేరు వెళ్లిపోయింది, ఇక మానుకోవడానికి లేదు. ఉన్న నాలుగు రోజులూ కార్తీశ్వరి స్కూలు వదిలాక ల్యాబులో కూర్చుని లారీని మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. బృంద పక్కనే కూర్చునేది. "ఆ కుక్కపిల్లను ఎట్ల సేస్తివి, నాకు సెప్పు, నేను గీస్తా," అంది ఒకరోజు తెలుగులో. "నేనే చేసుకుంటాను టీచర్," అంది ఆ పిల్ల తమిళంలో, మర్యాదగా. స్కూల్లో తమిళంలోనే మాట్లాడాలి కదా. టీచరు చెప్పింది, పిల్ల పాటిస్తోంది. అందులో తప్పు పట్టడానికేముంది? మరిచిపోయినవి గుర్తు తెచ్చుకుంటూ కట్టడం కొత్తగా కట్టడం కంటే కష్టం. బయల్దేరే రోజుకు లారీ వస్తోంది, బిందెలు వరసలో నిలుస్తున్నాయి గానీ నీళ్లు పడటం లేదు. పక్కింటావిడ లేదు. కుక్కపిల్ల లేదు. గొంతు కూడా లేదు. గొంతు మళ్లీ రికార్డు చేద్దామని బృంద అంటే, వద్దు టీచర్ అంది.

విరుదునగర్‌లో ప్రదర్శన పెద్ద హాల్లో పెట్టారు. వరసగా బల్లలు, బల్ల మీద కంప్యూటరు, వెనక పిల్ల, పిల్ల వెనక టీచరు. పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన రిటైరైన ప్రొఫెసరు. పిల్లలతో ఓపిగ్గా మాట్లాడుతున్నాడు. కార్తీశ్వరి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లారీ రాగానే ఆయన కళ్లు మెరిశాయి. నాలుగు బిందెలు తనే జరిపాడు.

"భలే ఆలోచనమ్మా. మరి నీళ్లు పడవేం?"

"ముందు పడేవి సార్," అంది కార్తీశ్వరి తమిళంలో. "పక్కింటివాళ్లు కూడా ఉండేవారు, కుక్కపిల్ల ఉండేది. అంతా చేశాను. తెలియక నేనే తుడిచేశాను."

చెప్పేటప్పుడు ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. బృంద కుర్చీ వీపును పట్టుకుని నిలబడి ఉంది. పెద్దాయన తలెత్తి ఆమెను చూశాడు.

"పిల్లలకు ఇంకో కాపీ దాచుకోవడం నేర్పాలి టీచర్. మొదటి పాఠం అదే."

"అవును సార్," అంది బృంద.

రెండే మాటలు. ఆ రెండు మాటలకు బదులు ఇంకో రెండు మాటలు ఉన్నాయి, "నేనే తుడిచాను" అని. వాటి ఖరీదు మహా అయితే ఒక పెద్దమనిషి తనను చిన్నచూపు చూడటం. అంతకు మించి ఏమీ లేదు. అయినా రాలేదు. ఆయన ఇంకా కాసేపు స్క్రీన్ చూసి, పిల్ల తల నిమిరి, పక్క బల్లకు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఎంపికైన పేర్లు మైకులో చదివారు. కార్తీశ్వరి పేరు లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన పిల్ల, ఇటు బృంద. సాత్తూరులో దోసకాయలమ్మే ఆమె కిటికీ కిందికి వస్తే బృంద రెండు కొంది. కోయించి, ఉప్పూ కారం అద్దించి ఒకటి పిల్లకు అందించింది. "ఆకలయితాది, తినే," అంది తెలుగులో. పిల్ల తీసుకుని, "థాంక్స్ టీచర్," అని చేతిలో పట్టుకుని కూర్చుంది. బస్సు నిండా జనం, ఎవరూ వీళ్లను పట్టించుకోవడం లేదు. బృందకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ పిల్లే తనను ఓదార్చాల్సి వస్తుంది, అంతకంటే నీచం ఉండదని మింగేసింది.

కోవిల్‌పట్టి బస్టాండులో దిగేసరికి సాయంత్రపు రద్దీ. మారియమ్మాళ్ ఎదురొచ్చింది. పని మానేసి వచ్చినట్టుంది, వేళ్ల సందుల్లో ఇంకా వెండిరంగు టపాకాయల మందు మరక ఉంది. పక్కన తోడుగా ఆమెతో పనిచేసే గురువమ్మాళ్. మారియమ్మాళ్ చేతిలో వేరుశనగ మిఠాయి పొట్లం. వచ్చీ రాగానే దాన్ని బృంద చేతిలో పెట్టింది.

"తీసుకోండమ్మా. మా పిల్లను అంత దూరం పిలుసుకొని పోతిరే. మాకు ఎవురు సేస్తారు ఇట్ల," అంది తెలుగులో. "మీరు నల్లసామి నాయుడు కూతురంట గదమ్మా. నా పుట్టినిల్లు మీ ఊరే. మా అమ్మ నన్ను సంకన ఏసుకొని మీ సేన్లో కలుపు తీసె." తర్వాత కూతురివైపు తిరిగింది. "ఏమాయెనే?"

"రాలేదమ్మా."

"ఎందుకని?"

"నేనే అదంతా తుడిసేస్తిని. తెలియకుండా."

ఇంట్లో ఇన్నాళ్లూ ఏం చెప్పిందో అదే చెబుతోంది కాబోలు, గొంతు తడబడలేదు. మారియమ్మాళ్ మొహం పాలిపోయింది. అయినా కూతుర్ని ఏమీ అనకుండా ముందు బృందకు చేతులు జోడించింది.

"మన్నించుకోండమ్మా. మీరు ఇంత కస్టపడితిరి. దీని సెయ్యి ఒక సోట ఊరికే ఉండదు. పోతే పోనీండి, పదోది అయినాంక అగ్గిపెట్టెల పనికి సేరుస్తా. మీరు నాలుగు కొట్టండి, నేనేమీ అనుకోను."

జోడించిన ఆ చేతులు చూశాక బృంద ఇక నిలబడలేకపోయింది.

"దాన్ని కొట్టొద్దు మారియమ్మాళ్. తుడిసింది అది కాదు, నేను. ముందే ఎత్తి పెట్టల్ల, పెట్టలేదు. తప్పు నాది."

మారియమ్మాళ్ తెల్లబోయి చూసింది. ఆపైన మొహమంతా నవ్వైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత మనసమ్మా మీది. వింటివా గురువమ్మా? మన పిల్ల తప్పును తన నెత్తిన ఏసుకుంటా ఉండారు. పెద్దింటి బిడ్డలంటే ఇట్ల ఉండల్ల."

"ఆమా ఆమా," అంది గురువమ్మాళ్, చెంగుతో కళ్లొత్తుకుంటూ.

"మంచికి సెప్పడం లేదు. నిజం సెప్తా ఉండాను," అంది బృంద.

"ల్యా అమ్మా, మీరు అట్ల సెప్పగూడదు."

అప్పుడు కార్తీశ్వరి నోరు తెరిచింది. అన్ని రోజుల తర్వాత బృంద ముందు ఆ పిల్ల తెలుగులో అన్న మొదటి మాట అది.

"టీచరు సెప్పేది నిజమే అమ్మా."

మారియమ్మాళ్ మెటికతో ఠక్కున పిల్ల నెత్తిన మొట్టింది. "నోరు మూయే. వాల్లు మంచితనానికి సెప్తే నువ్వు ఆమా అంటావా? సేసింది సాలదా?" ఇంకోటి మొట్టడానికి చెయ్యెత్తింది.

పిల్ల తల కూడా తప్పించుకోలేదు. బృందకు తల కొట్టేసినట్టయింది. తను చెప్పిన నిజం తనకు మెప్పు తెచ్చింది, ఆ పిల్లకు మొట్టికాయ తెచ్చింది. ఇక్కడితో ఆపితే జీవితాంతం ఆ ఇంట్లో తన మంచితనం గురించి చెప్పుకుంటారు. ఇంకొక్కటే మిగిలింది చెప్పడానికి. అది సర్వర్ గురించి కాదు, డిస్కుల గురించి కాదు. సెందిల్‌కుమార్‌కు చెప్పనిది, తనకు తను కూడా సరిగ్గా చెప్పుకోనిది. ఆమె మారియమ్మాళ్ ఎత్తిన చేతిని పట్టుకుంది. చుట్టూ జనం ఉన్నారు. గొంతు తగ్గించకుండానే చెప్పింది.

"ఆ దినం ఈ పిల్ల పరుగెత్తి వచ్చె. నాది ఎత్తి పెట్టండి టీచరని తెలుగులో సెప్పె. పెద్ద టీచరు ఉండె, తక్కినవాల్లు ఉండిరి. ఇది మీవాల్లా అని నన్ను అడిగిరి. నాకు సిగ్గాయె మారియమ్మాళ్. మావాల్లు కాదు, కాలనీ పిల్ల అని సెప్తిని. పో అని తరిమితిని. ఆ సిగ్గులో ఇది ఏమి సెప్పెనో వినలేదు."

మారియమ్మాళ్ చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది. ఇంతవరకూ ప్రతి మాటకూ అడ్డంగా ఊగిన తల ఈసారి ఊగలేదు. గురువమ్మాళ్ చెంగు వదిలేసి దూరంగా ఆగి ఉన్న బస్సులవైపు చూడసాగింది.

"అట్లనా," అంది మారియమ్మాళ్.

కూతురి నెత్తిన తను మొట్టిన చోట అరచేత్తో రుద్దింది. పిల్ల భుజానున్న సంచీ తీసి తన భుజాన వేసుకుంది. ఏళాయిరంపన్నై బస్సు కదలబోతుంటే, పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది. కార్తీశ్వరి ఒక్కసారి వెనక్కి చూసి ఎక్కేసింది.

మారియమ్మాళ్ మళ్లీ చెప్పమనలేదు, ఎందుకని అడగలేదు. అంతసేపూ టీచరమ్మ నోటి మాట ఒక్కటీ నమ్మని ఆ మనిషి, ఈ ఒక్కటి మాత్రం విన్న వెంటనే నమ్మేసింది.